కొత్త ప్రభుత్వ పోర్టల్ తొలిరోజే ఎందుకు మొరాయిస్తుంది?

ఓటీపీ రాదు. వచ్చినా పేజీ తెరుచుకోదు. ప్రభుత్వ సేవల కొత్త వెబ్‌సైట్ మొదలైన రోజున మీకూ ఈ అనుభవం ఎదురై ఉండొచ్చు. 'సర్వర్ డౌన్' అని సరిపెట్టుకుంటాం కానీ, చాలాసార్లు అసలు లోపం వేరే చోట ఉంటుంది. అదే టెస్టింగ్. దానికి ఇవ్వాల్సిన సమయం, అధికారం ఇవ్వకపోవడం.

ఇన్ఫోసిస్ రూపొందించిన ఆదాయ పన్ను పోర్టల్ 2021 జూన్ 7న మొదలైంది. వెంటనే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. రెండున్నర నెలలైనా సమస్యలు తీరకపోవడంతో ఆగస్టు 23న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఆ సంస్థ సీఈవోను పిలిపించి వివరణ అడిగారు. వ్యక్తుల రిటర్నుల గడువు చివరికి డిసెంబర్ 31 దాకా వెళ్లింది.

ఇలాంటి ప్రాజెక్టుల లోపల ఏం జరిగిందో మామూలుగా బయటికి రాదు. అమెరికాలో ఒకసారి వచ్చింది.

అక్కడ ఏం తేలింది?

ఆరోగ్య బీమా కోసం అమెరికా ప్రభుత్వం 2013 అక్టోబర్ 1న 'హెల్త్‌కేర్ డాట్ గవ్' ప్రారంభించింది. తొలిరోజు నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురే. పదుల సంఖ్యలో కాంట్రాక్టు సంస్థలు తలా ఒక భాగం తయారు చేశాయి. ఎవరి భాగాన్ని వాళ్లు పరీక్షించుకున్నారు. అన్నీ కలిపి మొదటి నుంచి చివరి దాకా పరీక్షించింది మాత్రం ఆఖరి రెండు వారాల్లోనే. దానికి నెలల సమయం ఉంటే బాగుండేదని కాంట్రాక్టర్లే కాంగ్రెస్ విచారణలో చెప్పారు.

తర్వాత మొత్తం పనిని సమన్వయం చేసే బాధ్యత ఒకే సంస్థకు అప్పగించారు. రోజూ సమావేశమై, ఏ లోపం ముందు సరిచేయాలో వరుస పెట్టుకున్నారు. 400కు పైగా లోపాలు సరిచేశామని, ఒకేసారి 50 వేల మంది వాడుకోవచ్చని డిసెంబర్ 1న ప్రకటించారు.

మరి టెస్టింగ్ టీమ్‌ను ఎలా నడపాలి?

సమయం: ప్రారంభ తేదీ ముందే ప్రకటిస్తారు. కోడింగ్ ఆలస్యమైతే కోత పడేది టెస్టింగ్ రోజులకే. అందుకే కోడింగ్‌తో పాటే టెస్టింగ్ కూడా మొదలవ్వాలి. ఆలస్యమైతే కొన్ని ఫీచర్లను తర్వాతకు వాయిదా వేయాలి తప్ప పరీక్షలను కాదు.

అధికారం: టెస్ట్ లీడ్ డెవలప్‌మెంట్ మేనేజర్ కింద పనిచేస్తే 'ఇంకా సిద్ధం కాలేదు' అన్న మాట పైదాకా చేరదు. ఏ లోపం ఉంటే ప్రారంభం ఆపాలో ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

కొలమానం: ఎన్ని బగ్‌లు పట్టారన్న లెక్కతో టెస్టర్లకు మార్కులు వేస్తే, తేలిగ్గా దొరికే అచ్చుతప్పుల వెంటే పడతారు. వంద అచ్చుతప్పులకన్నా ఒక్క తప్పు మొత్తం ప్రమాదకరం.

ఇది ఎంత ప్రమాదమో తెలంగాణకు తెలుసు. 2019 ఏప్రిల్ 18న వెలువడిన ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. పరీక్షకు హాజరైనవారిని గైర్హాజరుగా చూపించారు. మూల్యాంకనంలో మనుషులు చేసిన తప్పులూ కలిశాయి. ఆ రోజుల్లోనే పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన వారందరికీ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించింది. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఈసారి ఫలితాలను మరో స్వతంత్ర సంస్థతోనూ సమాంతరంగా ప్రాసెస్ చేయించారు. రెండు లెక్కలూ సరిపోలితేనే విడుదల చేయడం టెస్టింగ్‌లో పాత పద్ధతే. మొదటే చేయాల్సింది.

మీరేం అడగొచ్చు?

ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి ధ్రువీకరించడానికి కేంద్ర ఐటీ శాఖ కింద ఎస్‌టీక్యూసీ అనే విభాగం ఉంది. మీ రాష్ట్రంలో కొత్త పోర్టల్ వస్తే సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు అడగండి: టెస్టింగ్ ఎవరు చేశారు? ఎన్ని రోజులు చేశారు? ప్రారంభానికి సిద్ధమని సంతకం పెట్టింది ఎవరు?