కల్చర్ అంటే కూచిపూడేనా?

ఆ మధ్య మెల్‌బోర్న్ నుంచి మా పెదనాన్నగారబ్బాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, నువ్వయినా దానికి చెప్పరా. కంప్యూటర్స్ మానేసి ఏదో కల్చరల్ స్టడీస్ చదువుతానంటోంది. నువ్వు చెబితే వింటుంది" అన్నాడు. కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసి, సిడ్నీలో ఉంటూ, ఊరూరా తిరిగి వాళ్ళవీ వీళ్ళవీ డేటాబేసులు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి కదా, ఈ రాయబారానికి నాకంటే తగినవాడు దొరకడని అన్నయ్య నమ్మకం.

ఆయన మాటలో బలం లేకపోలేదు. ఇక్కడి ప్రభుత్వం 2021లో యూనివర్సిటీ ఫీజుల లెక్క మార్చేసింది. స్థానిక విద్యార్థులకి ఏడాదికి కంప్యూటర్ చదువు 7,950 డాలర్లకి తగ్గింది. సమాజం, సంస్కృతి అనే సబ్జెక్టులేమో ఒక్కసారిగా రెట్టింపు దాటి 14,500కి వెళ్ళాయి. ఉద్యోగాలొచ్చే చదువులవైపు పిల్లల్ని మళ్ళించడానికిట. 2024లో ప్రభుత్వమే వేయించిన కమిటీ ఈ పద్ధతి విఫలమైందని తేల్చింది, అది వేరే సంగతి. "గవర్నమెంటే వద్దురా బాబూ అంటుంటే దీనికేం పోయేకాలం?" అంటాడు అన్నయ్య.

ప్రాజెక్టు పనిమీద మెల్‌బోర్న్ వెళ్ళినప్పుడు శనివారం వాళ్ళింట్లో భోజనం. అమ్మాయి తన మొదటి వారం పాఠం తెచ్చి చూపించింది. రెండు పేజీల నిండా నిర్వచనాలు. ఐడియాలజీ, హెజిమొనీ, డిస్కోర్స్... "నాకీ సబ్జెక్టు ఇష్టం బాబాయ్, కానీ ఇదేమిటో నాన్నకి చెప్పడం నాకు రావట్లేదు" అంది. నాకు కష్టమనిపించింది. తనకి తెలివి లేక కాదు. ప్రోగ్రామింగ్ నేర్పేవాడెవడూ మొదటిరోజే కంపైలర్ సిద్ధాంతం చెప్పడు. తెరమీద ఓ చిన్న మాట అచ్చయ్యేలా చేయిస్తాడు, అది చూసి కుర్రాడు మురిసిపోతాడు, మిగతా కథ తర్వాత. ఈ చదువులో ఆ మురిసిపోయే ఘట్టాన్ని ఎందుకు ఎగ్గొడతారో నాకు అర్థం కాదు.

భోజనాలయ్యాక టీవీలో ఏదో తెలుగు సినిమా పెట్టారు. హీరో హీరోయిన్ వెంటపడి సతాయించే సీను మీకు తెలిసిందే, ఏ సినిమా అయితేనేం! అన్నయ్య పడీపడీ నవ్వాడు. వదిన "పాట బావుంది కానీ, ఆ వెంటపడ్డం ఏమిటో బాలేదు" అంది. అమ్మాయి "దీన్ని వేధింపు అంటారు" అని లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది.

వెళ్ళి తలుపు కొట్టాను. "నీ పాఠం హాల్లోనే ఉంది, రా" అన్నాను. స్టువర్ట్ హాల్ అని జమైకాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డాయన, 1973లో టీవీ గురించి రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే. తీసినవాడు ఒక అర్థం పెట్టి పంపిస్తాడు. చూసేవాడు దాన్ని ఉన్నదున్నట్టు పుచ్చుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత బేరమాడచ్చు, లేదా పూర్తిగా ఎదురు తిరగచ్చు. ఒకే సోఫా మీద మూడూ దొరికాయి! ఆ వ్యాసం పేరులో ఎన్‌కోడింగ్, డీకోడింగ్ అని ఉంటుంది. మొదటిసారి చూసి, మన తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపించే గొడవేమో అనుకున్నాను :) మా వృత్తిలో పంపింది ఒకటి, అందింది ఇంకొకటి అయితే అది బగ్. హాల్ లెక్కలో అది బగ్ కాదు, అక్కడే అసలు సంగతి మొదలవుతుంది. ఎవరి అర్థం చెల్లుబాటవుతోంది, ఎందుకు అని అడగడం.

ఇలా నేర్పచ్చని నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. అదే హాల్ ఓపెన్ యూనివర్సిటీలో ఉండగా, 1997లో మరికొందరితో కలిసి విద్యార్థులకోసం ఓ పాఠ్యపుస్తకం రాశాడు. పుస్తకం మొత్తం సోనీ వాక్‌మన్ గురించే. ఎవరు తయారుచేశారు, ప్రకటనల్లో ఎలా చూపించారు, ఎవరు కొన్నారు, కొని తమని తాము ఏమనుకున్నారు, దానిమీద ఏ కట్టుబాట్లు వచ్చాయి - ఈ ఐదూ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో చూపిస్తారు. 1979లో వచ్చిన తొలి వాక్‌మన్‌కి ఇద్దరు కలిసి వినేందుకు రెండు ఇయర్‌ఫోన్ రంధ్రాలుండేవి. జనమేమో ఎవరి లోకంలో వాళ్ళు వినడానికి వాడుకున్నారు.

ఇక్కడా అలాంటి పని జరిగింది. 1987లో ఫిస్క్, హాడ్జ్, టర్నర్ అనే ముగ్గురు 'మిత్స్ ఆఫ్ ఆజ్' అని ఆస్ట్రేలియా బీచినీ పబ్బునీ పాఠంలా చదివారు. ఆ పుస్తకం ముందే చదివుంటే బాగుపడేవాణ్ణి. వచ్చిన కొత్తలో శుక్రవారం సాయంత్రాలు ఆఫీసువాళ్ళతో పబ్బుకెళ్ళి, నారింజ రసం తాగి, థాంక్స్ చెప్పి వచ్చేసేవాణ్ణి. ఇక్కడ 'షౌట్' అని ఒకటుంది. వంతులవారీగా ఒక్కొక్కరూ అందరికీ కొనిపెట్టాలి, రసం తాగినవాడికైనా మినహాయింపు లేదు. ఎవరూ చెప్పరు. తర్వాతి ప్రాజెక్టులో ఎవరుండాలన్నది ఆ బల్ల దగ్గరే తేలేదని తెలిసేసరికి ఏడాది గడిచింది. హెజిమొనీ అన్న మాటకి నాకు ఇంతకంటే మంచి నిర్వచనం దొరకలేదు.

ఇంటిదాకా వస్తే, మన సినిమా అభిమాన సంఘాల్ని ఎస్.వి. శ్రీనివాస్ ఎన్నో ఏళ్ళు పరిశీలించి, 2009లో 'మెగాస్టార్' అనే పుస్తకం రాశారు. కటౌట్లకి పాలు పోసే కుర్రాళ్ళని పిచ్చివాళ్ళని కొట్టిపారేయకుండా, వాళ్ళు హీరో నుంచి ఏం ఆశిస్తున్నారు, అది దొరక్కపోతే ఏం చేస్తారు అని అడిగిన మనిషి. హైస్కూల్లో నేనూ చందాలు పోగుచేసి దండలు కట్టినవాణ్ణే. ఎవరైనా నన్నలా అడుగుతారని కలలో కూడా అనుకోలేదు.

అన్నయ్యకి కల్చర్ అంటే ఉగాది స్టేజీమీద కూచిపూడి. రేమండ్ విలియమ్స్ 1958లోనే సంస్కృతి మామూలు విషయమని వ్యాసం రాశాడు. పగలు కష్టపడి రాత్రి క్లాసులకి వచ్చే పెద్దవాళ్ళకి పాఠాలు చెప్పినాయన. (అలాంటి చదువుకి 2021లో 14,500!) ఆయన్నే గనక మన ఉగాదికి తీసుకొస్తే స్టేజీతోబాటు వెనక వంటగది కూడా చూస్తాడు. పులిహోర కలుపుతున్నదెవరు, మైకు పట్టుకున్నదెవరు, 'తెలుగు వంట' అని రాసిన మెనూలో ఎవరిళ్ళ కూరలు లేవు? అమ్మాయి ఈ ప్రశ్నలు వేస్తే మన సంఘం పెద్దలకి రుచించదు. నాకూ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, కిందటేడు మైకు పట్టుకున్నది నేనే మరి. సరదా ఉదాహరణలతో మొదలుపెట్టమన్నాను కదా అని అక్కడే ఆగిపోతే మాత్రం అది సినిమా కబుర్లే అవుతుంది, చదువు కాదు.

రాయబారం చెడింది. కంప్యూటర్స్ పూర్తిగా వదలకుండా రెండూ కలిపి చదవచ్చేమో చూడమన్నాను, అది నా పిరికితనమే అనుకోండి. అన్నయ్య నాతో ముభావంగా ఉన్నాడు. వదిన మాత్రం మొన్న ఫోన్ చేసి, "ఆ మూడు రకాలుగా చూడ్డం అన్నావే, నేను రెండోరకమేనా?" అని అడిగింది.