సోయా పడదు... మరేం తింటారండీ?

కార్తీకమాసం వస్తే ద్రాక్షారామంలో రెండు రద్దీలు. ఒకటి భీమేశ్వరుడి గుళ్ళో. పంచారామ యాత్ర బస్సులు వరసగా వచ్చి ఆగుతుంటాయి. రెండోది వనభోజనాల పందిళ్ళలో. ఆ నెలంతా నీచు ముట్టని ఇళ్ళు చాలా ఉంటాయి కాబట్టి, మామూలు రోజుల్లో కోడికూర ఉండే చోట మీల్ మేకర్ (సోయా ముక్కల) కూర వచ్చి కూర్చుంటుంది. అదే మసాలా, అదే గ్రేవీ. గరిటె దగ్గరికొచ్చేసరికి విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టి, "నాకు సోయా పడదండీ, పాలూ పెరుగూ కూడా ముట్టను" అని ఎవరైనా అన్నారో, వడ్డించే ఆయన నిలబడిపోతాడు: "అయ్యో, మరేం తింటారండీ?"

జాలితోనే అడుగుతాడు. కానీ ఆ జాలి వెనక ఒక అపోహ ఉంది. పాలు, నెయ్యి, తేనెతో సహా జంతువుల నుంచి వచ్చేవేవీ తినకుండా సోయా కూడా మానేస్తే బలమైన తిండే మిగలదని అందరి నమ్మకం. 'మాంసకృత్తులు' అన్న మాటలోనే మాంసం ఉంది మరి. దాన్ని తీసేసినచోట మాంసంలాంటిదేదో పెట్టకపోతే మనసు ఒప్పుకోదు.

ఇలా జంతువుల నుంచి వచ్చేవేవీ తిననివాళ్ళకు వీగన్ అన్న పేరు 1944లో ఇంగ్లండులో పుట్టింది. అక్కడి భోజనానికి మాంసం, పాలు, చీజ్ ఆధారం. అవి తీసేస్తే ఏర్పడిన ఖాళీలోకి సోయా పాలు, టోఫూ, సోయా ముక్కలు వచ్చి చేరాయి. సోయా బలాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. 100 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో మాంసకృత్తులు 50 గ్రాములకు పైనే. అయితే మన భోజనానికి ఆధారం పప్పు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్ళు పారిన ఈ చేలల్లో సార్వా, దాళ్వా వరి, ఆ పైన మినుమో పెసరో వేస్తారు. సోయా పండేది మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో, మన దగ్గర ఆదిలాబాద్ వైపు. డెల్టాకు అది పొట్లంలోనే వస్తుంది. దాన్ని మానేస్తే ఇక్కడివాళ్ళకు పోయేది మాంసానికో పాలకో ఒక నకలు మాత్రమే.

ముందు 'పడదు' అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఈ ఒక్క మాటతో మనం రెండు వేరువేరు బాధలు చెప్పేస్తాం. మొదటిది అలర్జీ. సోయాలోని మాంసకృత్తును ఒంటి రక్షణ వ్యవస్థ శత్రువనుకుంటుంది. తిన్న కొద్ది నిమిషాల్లోనో, రెండు గంటల్లోపో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. దీనికి పిసరంత చాలు. రెండోది అరగకపోవడం. సోయాలోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను విడగొట్టే ఎంజైము మనిషి పేగుల్లో లేదు. అవి పెద్దపేగుకు చేరి, అక్కడి బాక్టీరియా వల్ల పులిసి గ్యాసవుతాయి. అందరికీ ఎంతోకొంత జరిగేదే, కొందరు తట్టుకోలేరు. ఇక్కడ ఎంత తిన్నారన్నదే ముఖ్యం.

ఈ తేడా తెలియకపోతే వంటింట్లో పొరపాట్లు జరుగుతాయి. అవే చక్కెరలు శనగల్లో, మినుముల్లో కూడా ఉన్నాయి. సోయా మానేసి పూటకో గిన్నెడు శనగలు తింటే కడుపుబ్బరం మళ్ళీ పలకరిస్తుంది. పప్పు నానిన నీళ్ళు పారబోసినా, గింజలు మొలకెత్తించినా, పిండి పులియనిచ్చినా ఆ చక్కెరలు తగ్గుతాయి. అలర్జీ ఉన్నవాళ్ళకు మాత్రం ఈ ఉపాయాలు పనికిరావు, సోయా సాస్ చుక్క కూడా ప్రమాదం కావచ్చు. అలాగని వేరుశనగ, సోయా ఒకే కుటుంబమని భయపడి పప్పులన్నీ మానెయ్యడం తగదు. సోయా పడని చాలామందికి మిగతా పప్పులు పడతాయి. ఏది పడుతుందో డాక్టరు తేల్చాలి.

ఇక లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. పావుకిలో బియ్యంతో సుమారు 20 గ్రాములు వస్తాయి. పొద్దున దిబ్బరొట్టెలో 50 గ్రాముల మినప్పప్పు పడితే 11, మధ్యాహ్నం అంతే కందిపప్పుతో మరో 11. గుప్పెడు వేరుశనగ గుళ్ళతో 7, రెండు చెంచాల నువ్వులపొడితో 2. సోయా లేకుండానే 50 దాటింది. బియ్యంలో తక్కువైన లైసీన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనైన్ అనే అమైనో ఆమ్లం నువ్వుల్లో ఉంది. చిక్కల్లా వడ్డనతోనే. అన్నం కొండలా ఉంటుంది, పప్పు గరిటెడుతో ఆగిపోతుంది. సోయా పడని వీగన్ మొదట మార్చుకోవాల్సింది ఈ కొలతను.

పాలు, పెరుగు లేని లోటు ఇంతకంటే పెద్దది. కోనసీమలో కొబ్బరిపాలకు కొదవలేదు. కానీ తెల్లనివన్నీ పాలు కావు. వాటిలో కొవ్వు ఎక్కువ, మాంసకృత్తులు బహు తక్కువ. వేరుశనగ గుళ్ళు నానబెట్టి రుబ్బి వడకట్టిన పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి తోడుపెట్టేవాళ్ళున్నారు. మజ్జిగన్నం లేకపోతే భోజనం ముగిసినట్టు అనిపించని మనకు అది ఓదార్పు. క్యాల్షియం కోసం పొట్టు తియ్యని నువ్వులు, రాగులు, మునగాకు ఉన్నాయి. మునగాకును ఆషాఢానికే పరిమితం చెయ్యకుండా ఉంటే చాలు.

ఏ వీగన్ వంటింట్లోనూ దొరకనిది విటమిన్ బి12. అది మొక్కల నుంచి రాదు, వీగన్లు మాత్రగానో, బి12 కలిపిన ఆహారంగానో తీసుకోవాల్సిందే. ఇక్కడ భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గుర్తుకొస్తారు. అమెరికాలో ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఎందరి రక్తహీనతనో నయం చేసింది. పప్పులు, ఆకుకూరల్లో దాని సహజ రూపమైన ఫోలేట్ పుష్కలం. కానీ ఫోలేట్ బాగా అందితే బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనత పైకి కనిపించకపోవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. సోయా పడదని దిగులుపడేవాళ్ళు ఆ దిగులులో సగం బి12 మీద పెట్టాలి.

ఇంత చేసినా ఇంట్లో మనిషి చేతిలో లేనిది ఒకటుంది, లేబుల్. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం సోయా ఉంటే ప్రకటించి తీరాలి. అయితే ఇంగ్లీషులోనో, హిందీలోనో రాస్తే సరిపోతుంది. తెలుగు తప్పనిసరి కాదు. కిరాణా కొట్లో బిస్కెట్ పొట్లం తిప్పి చూడండి. ఆవగింజంత అక్షరాల్లో 'ఎమల్సిఫయర్ 322' అని ఉంటుంది. అది లెసిథిన్, చాలాసార్లు సోయా నుంచి తీసిందే. మల్టీగ్రెయిన్ పిండిలో, బ్రెడ్డులో సోయా పిండి కలిసే అవకాశం ఉంది. 2022లో వచ్చిన వీగన్ నిబంధనల ఆకుపచ్చ 'వి' గుర్తు జంతు పదార్థం లేదని చెబుతుంది, సోయా సంగతి చెప్పదు. హోటళ్ళకూ నియమాలున్నాయి కానీ అవి 10 లేదా అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న పెద్ద సంస్థల కోసం. గుడి వీధిలో మెస్సుకూ, వనభోజనాల వంటవాళ్ళకూ అవి వర్తించవు.

అనవసర భయమూ వద్దు. బాగా శుద్ధి చేసిన సోయా నూనెలో మాంసకృత్తులు దాదాపు ఉండవు కాబట్టి అమెరికా, ఐరోపా చట్టాలు దానికి అలర్జీ హెచ్చరిక నుంచి మినహాయింపు ఇచ్చాయి. ఈ వివేచన చదువుకున్నవాళ్ళకే మిగలకూడదంటే, తెలుగు నేల మీద అమ్మే ప్రతి పొట్లం మీదా 'సోయా ఉంది' అన్న రెండు మాటలు తెలుగులో ఉండాలి. పందిట్లో గిన్నె ముందు చిన్న అట్టముక్క చాలు.

అది ఉంటే వడ్డించే ఆయన జాలిపడక్కర్లేదు. పులిహోర, కంద బచ్చలి, గారెలు, పప్పు ఎలాగూ పందిట్లోనే ఉన్నాయి. వీటిలో నెయ్యి తగలనివేవో ఆయన చెబితే, విస్తరి ముందు కూర్చున్నాయన చెయ్యి తీసేస్తాడు.