ప్రో సైక్లిస్ట్ వాట్లతో 51 సెకన్లు: మన స్మార్ట్ ట్రైనర్ నిజం చెబుతోందా?

మొన్న ఆదివారం ఒక పిచ్చి పని చేశా. ట్రైనర్‌ని ఎర్గ్ మోడ్‌లో పెట్టి, టార్గెట్ 432 వాట్లు ఇచ్చి తొక్కడం మొదలుపెట్టా. టూర్ డి ఫ్రాన్స్‌లో ముందు వరసలో ఉండే క్లైంబర్లు పెద్ద కొండల మీద ఒంటి బరువులో కిలోకి 6 వాట్ల పైనే తొక్కుతారు. నా బరువు 72 కిలోలు. 72ని 6తో గుణిస్తే 432. సింపుల్ లెక్క.

51 సెకన్లు. అంతే. ఎర్గ్ మోడ్ గురించి తెలిసినవాళ్లకి తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. పెడలింగ్ నెమ్మదించే కొద్దీ ఆ వాట్లు నిలబెట్టడానికి ట్రైనర్ ఇంకా గట్టిగా పట్టేస్తుంది. చివరికి గోడని తొక్కుతున్నట్టు ఉంటుంది. కాళ్లు ఆగిపోయాయి. వాళ్లు అదే స్థాయిలో అరగంట పైన తొక్కుతారు. అదీ నాలుగు గంటలు రేసు చేశాక, మూడు వారాల్లో 21 స్టేజీలు ఉండే పోటీలో.

నవ్వుకుని వదిలేయాల్సిన విషయమే. కానీ ఈ పోలిక నన్ను ఒక దశలో బాగానే దెబ్బతీసింది. అందుకే ఈ ఆర్టికల్.

ఆ నంబర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇండోర్ సైక్లింగ్ యాప్స్ అన్నిటికీ మూలం ఎఫ్‌టీపీ. సుమారు ఒక గంటపాటు నిలకడగా ఇవ్వగలిగే పవర్ అన్నమాట. గంట తొక్కే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి 20 నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కి, ఆ సగటులో 95 శాతం తీసుకుంటారు. నా 20 నిమిషాల సగటు 197 వాట్లు, అంటే ఎఫ్‌టీపీ 187. బరువుతో భాగిస్తే కిలోకి 2.6.

జ్విఫ్ట్‌లో ఆల్ప్ డు జ్విఫ్ట్ అనే కొండ ఉంది. ఫ్రాన్స్‌లోని ఆల్ప్ డ్యుయెజ్‌కి నకలు. అవే 21 మలుపులు, 12.2 కిలోమీటర్లు, వెయ్యి మీటర్ల పైన ఎత్తు. నాకు గంటా 20 నిమిషాలు పట్టింది. కిలోకి 6 వాట్లు ఇచ్చేవాడికి దాదాపు 36 నిమిషాలు చాలు. నేను సగం కొండ కూడా ఎక్కకముందే అతను పైన నీళ్లు తాగుతుంటాడు.

సెన్సర్ తప్పు కంటే పెద్ద తప్పు

రివ్యూల్లో మనం కచ్చితత్వం గురించి తెగ మాట్లాడుకుంటాం. వాహూ కికర్, టాక్స్ నియో లాంటి పైస్థాయి డైరెక్ట్-డ్రైవ్ మోడళ్లకి కంపెనీలు చెప్పేది ±1 శాతం. వెనక చక్రాన్ని రోలర్ మీద ఆనించే వీల్-ఆన్ ట్రైనర్లకి 3 నుంచి 5 శాతం దాకా తేడా మామూలే. టైర్‌లో గాలి తగ్గినా, స్పిన్‌డౌన్ కాలిబ్రేషన్ మర్చిపోయినా ఇంకా పెరుగుతుంది. 5 శాతం తేడా అంటే నా 187 అసలు 178 కావచ్చు, 196 కూడా కావచ్చు.

గది సంగతి ఇంకోటి. మన శరీరం ఖర్చుపెట్టే శక్తిలో పెడల్ దాకా చేరేది సుమారు పావు వంతే, మిగతాదంతా వేడి. నేను 187 వాట్లు తొక్కుతుంటే ఇంకో 560 వాట్ల వేడి గదిలోకి వదులుతున్నట్టు. చిన్న రూమ్ హీటర్ పెట్టుకుని తొక్కడమే! మే నెలలో హైదరాబాద్‌లో, సీలింగ్ ఫ్యాన్ కింద అదే టెస్ట్ చేస్తే నా ఎఫ్‌టీపీ 171 వచ్చింది. నెల క్రితం ఉన్న కాళ్లే, గదే మారింది.

కానీ వీటన్నిటికంటే పెద్ద తప్పు యాప్ సెట్టింగ్స్‌లో బరువు రాసే ఆ చిన్న గడిలో ఉంది. అక్కడ 72 బదులు 68 అని కొడితే చాలు. పైసా ఖర్చు లేకుండా 2.6 కాస్తా 2.75 అవుతుంది, ఆ కొండ మీద నాలుగు నిమిషాలు మిగులుతాయి. దీనికి ఆన్‌లైన్ రేసర్లు వెయిట్ డోపింగ్ అని పేరు కూడా పెట్టారు. నేనూ ఒక వారం చేశా. సిగ్గేసి తీసేశా.

తర్వాత చేసింది ఇంకా తెలివితక్కువ పని. అబద్ధం రాయడం ఎందుకు, నిజంగానే తగ్గుదాం అనుకున్నా. రాత్రి భోజనం మానేసి, పొద్దున్నే ఖాళీ కడుపుతో తొక్కా. రెండున్నర నెలల్లో 67.5 కిలోలకి వచ్చా. ఒకరోజు ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద కళ్లు తిరిగి, సైకిల్ దిగి కూర్చుండిపోయా. మళ్లీ టెస్ట్ చేస్తే ఎఫ్‌టీపీ 168. భాగించి చూడండి: 2.49. నాలుగున్నర కిలోలు పోగొట్టుకుని నంబర్ కూడా తగ్గించుకున్నా. తగ్గింది కొవ్వు ఒక్కటే కాదని అప్పుడు అర్థమైంది.

మరి ట్రైనర్ నుంచి ప్రో అయినవాళ్ల సంగతి?

ఉన్నారు. 2020 జ్విఫ్ట్ అకాడమీ గెలిచిన జే వైన్‌కి ప్రో టీమ్ కాంట్రాక్ట్ దొరికింది, 2022 వుయెల్టాలో రెండు స్టేజీలు గెలిచాడు. అదే 2020లో మొదటి సైక్లింగ్ ఈస్పోర్ట్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన జేసన్ ఓస్బోర్న్ కూడా ప్రో టీమ్‌లోకి వెళ్లాడు. కానీ వైన్ అప్పటికే ఆస్ట్రేలియాలో రేసులు చేస్తున్నవాడు. ఓస్బోర్న్ అయితే 2018లోనే రోయింగ్‌లో ప్రపంచ ఛాంపియన్. ట్రైనర్ వాళ్ల ఇంజిన్‌ని బయటపెట్టింది, అంతేగానీ తయారు చేయలేదు.

నా మాట

స్మార్ట్ ట్రైనర్ కొనొద్దని చెప్పట్లేదు. వానాకాలంలో, ఆఫీస్ అయ్యాక రాత్రి పదింటికి, ట్రాఫిక్ భయం లేకుండా తొక్కాలంటే దీన్ని మించింది లేదు. కానీ దాన్ని కొలబద్దలా వాడాలంటే అదే ట్రైనర్, అదే గది, అదే ఫ్యాన్, తొక్కేముందు కాలిబ్రేషన్, నిజమైన బరువు ఉండాలి. అప్పుడు ±5 శాతం ట్రైనర్ అయినా పర్వాలేదు, ఎందుకంటే పోల్చేది పోయిన నెల మీతో. బడ్జెట్ మిగిలితే ఖరీదైన మోడల్‌కి వెళ్లేముందు ఒక మంచి పెడస్టల్ ఫ్యాన్ కొనండి.

యాప్ కంపెనీలకి కూడా ఒక మాట. కిలోకి వాట్లు అనే నంబర్‌ని స్క్రీన్ మీద అంత పెద్దగా చూపించకండి. దాన్ని పెంచడానికి రెండు దారులున్నాయి, అందులో ఒకటి అన్నం మానేయడం.

నేను మళ్లీ రాత్రి భోజనం చేస్తున్నా. ఇప్పుడు 71 కిలోలు, ఎఫ్‌టీపీ 192. నిన్న మళ్లీ 432 పెట్టి చూశా.

58 సెకన్లు.