లేఖాభాండారము స్వగృహముననే యుండవలయును

2025 జులై మాసమున, గుజరాతులోని వాడినారునందు చమురు శుద్ధికర్మాగారమును నడుపుచున్న నయారా ఎనర్జీ సంస్థకు మైక్రోసాఫ్టువారు ఈమెయిలు మొదలగు సేవలను హఠాత్తుగా నిలిపివేయగా, రుసుములన్నియు చెల్లించియే యున్నామని వాదించుచు ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు నాశ్రయింపవలసి వచ్చెను. భారతీయ చట్టము నతిక్రమించినందున గాదు, రష్యా సంస్థయగు రోస్నెఫ్టుకు అందు వాటా యున్నదని ఐరోపా సమాఖ్య విధించిన ఆంక్షల కారణమున నీ విపత్తు సంభవించినది. సేవలు కొలది దినములకే పునరుద్ధరింపబడినవి. కాని ఒక సంస్థ తన బేరసారములను, ఒప్పందములను, రేపు న్యాయస్థానమున సాక్ష్యముగా నిలువదగిన లేఖలను ఎవరి యధీనమున నుంచవలయునను ప్రశ్న యట్లే మిగిలినది.

తన యధీనముననే యుంచుకొనవలయునని నా దృఢాభిప్రాయము. అయినను, సొంత సర్వరు నెలకొల్పుట యనగా యంత్రమును కొని యొక గదిలో నుంచుటయేయని తలచువారితో నేనేకీభవింపజాలను. ఈమెయిలు రవాణాకు 1982లో జాన్ పోస్టెల్ రచించిన ఎస్ఎంటీపీ నియమావళి, పంపువాడు తన పేరు సత్యముగానే చెప్పునను విశ్వాసముపై నిర్మితమైనది. స్పాము అను అవాంఛిత లేఖల వెల్లువ ఆ విశ్వాసమును భగ్నము చేసిన పిదప, లేఖ పంపు సర్వరు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అను ఏర్పాట్లతో తన ప్రామాణికతను నిరూపించుకొనవలసి వచ్చినది. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు విస్తారముగా లేఖలు పంపువారికి వీనిని తప్పనిసరి గావించినవి. ఇవన్నియు సక్రమముగా నమర్చినను, సర్వరు యొక్క ఐపీ చిరునామా క్రొత్తదైనచో, లేక పూర్వమెవరో దానినుండి స్పాము పంపియుండినచో, మన కొటేషను కొనుగోలుదారుని స్పాము పెట్టెలో పడవచ్చును. పంపినవానికి ఆ సంగతి తెలియనే తెలియదు.

కావున వచ్చిన లేఖలను స్వీకరించి భద్రపరచు సర్వరు సంస్థలోనే యుండవలయును. వెలుపలికి పంపు కార్యమును మాత్రము మంచిపేరు గల రిలే సేవకు అప్పగింపవలయును. ఆ సేవ యెప్పుడైన ఆగినచో మరియొక దానిని కుదుర్చుకొనవచ్చును. నిలువయున్న లేఖలకు హాని లేదు. కరెంటు పోయినచో రాదగిన ఉత్తరములు నశించునని పలువురు భయపడుదురు గాని ఆ భయము నిరాధారము. అవతలి సర్వరు పలుకనిచో, లేఖను వరుసలో నుంచుకొని నాలుగైదు దినములవరకు మరల మరల ప్రయత్నింపవలెనని ఎస్ఎంటీపీ నియమములే చెప్పుచున్నవి. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ వంటి సర్వరు సాధనములు ఉచితముగనే లభించుచున్నవి.

సులభముగా లభింపనిది వీనిని కనిపెట్టి చూచుకొను మనిషి. 2021 మార్చిలో సంస్థలు తమయొద్దనే నడుపుకొను మైక్రోసాఫ్టువారి ఎక్స్ఛేంజి ఈమెయిలు సర్వరులందలి లోపములు బయల్పడినప్పుడు, మైక్రోసాఫ్టు సవరణలు విడుదల చేసినను, వానిని వెంటనే ఎక్కించుకొనని సంస్థలు ప్రపంచమంతట దాడికి గురియైనవి. అంతకుముందే చొరబడినవారు విడిచిపోయిన దొంగదారులు సవరణ తరువాతను తెరచియే యుండెను. మన దేశపు సైబరు భద్రతాసంస్థయగు సెర్ట్-ఇన్ వారి 2022 ఆదేశములు, సైబరు దాడిని గమనించిన 6 గంటలలో తెలియజేయవలెనని, లాగులను, అనగా సర్వరు కార్యకలాపముల నమోదులను, 180 దినములు భద్రపరచవలెనని శాసించుచున్నవి. ఈ భారమునంతయు, సెలవుపై వెళ్లుటకైన వీలులేని ఒక్క ఉద్యోగి భుజములపై మోపు యజమాని తన సంస్థకును, ఆ యుద్యోగికిని అన్యాయము చేయుచున్నాడు. ఇద్దరు నిపుణులను పోషింపలేని చిన్న సంస్థ అద్దెసేవనే వాడుకొనవచ్చును. కాని డొమైనును వెబ్‌సైటు చేసినవాని పేరిట గాక సంస్థ పేరిటనే రిజిస్టరు చేయించి, లేఖలన్నిటి ప్రతిని ప్రతిదినము తన సొంత డిస్కునకు దింపుకొని, ఆ ప్రతినుండి లేఖలు తిరిగి తెరచుకొనుచున్నవో లేదో నెలకొకమారు పరీక్షించి చూచుకొనవలయును.