పరిశోధన నర్సమ్మ

కలకడ పెద్దలకు మదనపల్లె ఆరోగ్యవరం తెలియనిది కాదు. 1915లో క్షయరోగుల కోసం వెలసిన ఆ ఆసుపత్రి చుట్టుపక్కల పల్లెల్లోనే 1950–55లో క్షయపై పెద్ద పరిశోధన జరిగింది. మద్రాసులో 1956లో మొదలైన మరో పరిశోధనలోనైతే సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు.

నేటి పరిశోధన నర్సుదీ అదే ఇరకాటం. తోటి నర్సులకు ఆమె కాగితాలు రాసే మనిషి; రోగికి మాత్రం తన నర్సమ్మ. "మాత్ర మింగలేదమ్మా" అంటే ఓదార్చాలి, ఉన్నదున్నట్టు రాయాలి కూడా. "ఈ మందు మంచిదేనా?" అంటే ఆమెకూ తెలియదు. తెలుసుకోవడానికే గదా పరిశోధన!

అందుకే ఆమె మీది గౌరవంతో వేలిముద్ర వేయకండి. కాగితం చదివించుకోండి, అడగండి. వద్దనవచ్చు, మధ్యలో మానుకోవచ్చు. అంతమాత్రాన మీ మామూలు వైద్యం ఆపకూడదు.