పని ఆమెది... పేరు నాన్నది!

ముగ్గురు మనుషులు, ఒక గొర్రె. 1867లో ఒకే రోజు ఐడా లూయిస్ సముద్రంలోంచి బయటికి తెచ్చిన ప్రాణాలివి. తప్పించుకుని నీళ్లలో దూకిన గొర్రె కోసం పడవేసుకుని వెళ్లిన ముగ్గురూ మునిగిపోబోయారు. వాళ్లని ఒడ్డున దించి, మళ్లీ వెళ్లి గొర్రెనీ పట్టుకొచ్చింది. అప్పటికామెకి దాదాపు పాతికేళ్లు.

అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో న్యూపోర్ట్ రేవు ఉంది. ఒడ్డుకి కాస్త దూరంలో లైమ్‌రాక్ అనే రాతిదిబ్బ, దానిమీద లైట్‌హౌస్. ఐడా తండ్రి హోజియా దానికి కీపర్. కుటుంబం 1857లో అక్కడి ఇంట్లోకి మారింది. కొన్ని నెలలకే ఆయనకి పక్షవాతం వచ్చింది. దీపం బాధ్యత తల్లీకూతుళ్ల మీద పడింది. పొద్దుగూకగానే నూనె పోసి వెలిగించాలి. అర్ధరాత్రి లేచి మళ్లీ నింపాలి. వత్తి కత్తిరించాలి, మసి తుడవాలి, తెల్లారాక ఆర్పాలి. ఒక్కరోజు కూడా నాగా కుదరదు. తోబుట్టువులని పడవలో బడికి దించి రావడం కూడా ఐడా పనే. ఆ తెడ్డు పట్టే చేతులే తర్వాత ప్రాణాలు కాపాడాయి.

1869 మార్చి 29. బయట మంచు తుపాను. జలుబుతో పొయ్యి దగ్గర కూర్చున్న ఐడా తల్లి కేక విని, కోటూ బూట్లూ వేసుకోకుండానే పరుగెత్తింది. బోల్తాపడిన పడవని పట్టుకుని ఇద్దరు సైనికులు వేలాడుతున్నారు. పక్కనుంచి లాగితే తన పడవే తిరగబడుతుంది. అందుకే వెనకవైపు నుంచి ఎక్కించింది. తమ్ముడు సాయం పట్టాడు. సైనికులతో వచ్చిన కుర్రాడు మాత్రం దక్కలేదు.

దాంతో ఐడా పేరు దేశమంతా మారుమోగింది. 'హార్పర్స్ వీక్లీ' ముఖచిత్రంగా వేసింది. ఊరివాళ్లు కొత్త పడవ బహూకరించారు. అధ్యక్షుడు గ్రాంట్ వచ్చి కలిశాడు. ఆడపిల్ల పడవ నడపడమేంటని ముక్కున వేలేసుకున్నవాళ్లూ లేకపోలేదు.

ఇంత జరిగినా ప్రభుత్వ కాగితాల్లో కీపర్ మాత్రం మంచంలో ఉన్న నాన్నే! 1872లో ఆయన పోయాక ఆ ఉద్యోగం తల్లికిచ్చారు. మధ్యలో ఐడాకి పెళ్లయింది. ఆ కాపురం నిలవలేదు, మళ్లీ లైమ్‌రాక్‌కే వచ్చేసింది. చివరికి 1879లో, అంటే తండ్రి పడిపోయిన ఇరవై ఏళ్లు దాటాక, ఉద్యోగం ఆమె పేరు మీదకి వచ్చింది. జీతం ఏడాదికి 750 డాలర్లు. అప్పటి కీపర్లలో అది పెద్ద జీతమే. కానీ పోయిన ఆ ఏళ్ల మాటేంటి?

1881లో మంచుగడ్డ పగిలి నీళ్లలో పడ్డ మరో ఇద్దరు సైనికులని లాగినందుకు ప్రభుత్వం బంగారు పతకమిచ్చింది. మొత్తమ్మీద ఆమె కాపాడినవాళ్లు 18 మంది అన్నది అధికారిక లెక్క (గొర్రెని కలపలేదు!).

1911 అక్టోబరులో, 69వ ఏట ఉద్యోగంలో ఉండగానే ఐడా కన్నుమూసింది. ఆ రాత్రి రేవులోని ఓడలన్నీ గంటలు మోగించాయి. 1924లో లైమ్‌రాక్‌కి ఆమె పేరే పెట్టారు. మూడేళ్లకి లైట్‌హౌస్ మూతపడింది. ఆ ఇంట్లోకి ఐడా లూయిస్ యాట్ క్లబ్ వచ్చింది. క్లబ్బు జెండా మీద 18 నక్షత్రాలుంటాయి.