హీరో దాచొచ్చు... మనం దాచకూడదు!

'ప్రేమాభిషేకం' (1981) చూసి కళ్లు తుడుచుకోని వాళ్లెవరు చెప్పండి! తనకు కాన్సరని తెలిసి, ప్రాణంగా ప్రేమించిన శ్రీదేవికి కూడా చెప్పకుండా చెడ్డవాడిలా నటిస్తాడు అక్కినేని. కానీ అది సినిమా. నిజజీవితంలో అదే అక్కినేని 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి, తనకు కాన్సరని తనే చెప్పేశారు!

ఈ కబురెందుకంటే... ఆమధ్య నరసరావుపేటలో సెకండ్ షో వదిలాక, టీ కొట్టు దగ్గర ఓ మాచర్ల కుర్రాడు నన్ను పక్కకు పిలిచాడు. వయసు 24.

"అన్నా, పత్రికల్లో రాస్తావుగా... ఎవరికీ చెప్పనంటే ఒకటడుగుతా."

ఒక బీజంలో బఠాణీ గింజంత గట్టి గడ్డ. అప్పటికే నాలుగు నెలలైందట!

"నొప్పి లేదు గదన్నా, వరిబీజమేమోలే అనుకున్నా. ఇంట్లో ఏమని చెప్పను?"

నొప్పి లేకపోవడమే ఈ జబ్బు వేసే మారువేషం. వృషణాల కాన్సరు మన దేశంలో అరుదే. కానీ వస్తే ఎక్కువగా 15 - 40 ఏళ్ల మధ్యే, అంటే సరిగ్గా మన పాఠకుల వయసులోనే వస్తుంది.

అందుకే అప్పుడప్పుడు వేన్నీళ్ల స్నానం చేశాక ఒక్కోదాన్నీ వేళ్ల మధ్య మెల్లగా దొర్లించి చూసుకోండి. ఒకటి కాస్త పెద్దగా, ఒకటి కాస్త కిందికి ఉండటం మామూలే. వెనకవైపు మెత్తటి గొట్టంలాంటిది తగిలితే హడలిపోకండి, అది ఉండాల్సిందే! కొత్తగా గట్టి గడ్డ, వాపు, బరువు, గజ్జల్లోనో పొత్తికడుపులోనో సలుపు - ఏది కనిపించినా డాక్టరు దగ్గరికి నడవండి. చిన్నప్పుడు బీజం కిందికి దిగనివాళ్లు మరీ జాగ్రత్త. ప్రతి గడ్డా కాన్సరు కాదు. స్కానింగు, రక్తపరీక్ష చేస్తే సంగతి తేలుతుంది.

కాన్సరని తేలితే ఆ బీజాన్ని గజ్జ దగ్గర కోసి తీసేస్తారు. రెండోది బాగుంటే మగతనానికి లోటుండదు, చాలామందికి పిల్లలూ పుడతారు. 1970లలో సిస్‌ప్లాటిన్ మందు వచ్చాక కథే మారింది. తొలి దశలో పట్టుబడితే 100కి 95 మందికి పైగా నయమవుతుంది. 2011 ప్రపంచ కప్ వీరుడు యువరాజ్ సింగ్‌కు ఊపిరితిత్తుల మధ్య వచ్చిన గడ్డ ఈ జాతిదే. 2012లో అమెరికాలో వైద్యం చేయించుకుని, ఆ ఏడు సెప్టెంబరులోనే మళ్లీ బ్యాటు పట్టాడు!

మరి మన కుర్రాడు? మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. జబ్బు అప్పటికే కడుపులోని గ్రంథులకు పాకింది. ఆపరేషనుతో పోతుందేమో అనుకున్నది, నెలల తరబడి మందు ఎక్కించేదాకా వచ్చింది. మొన్న ఫోన్ చేశాడు.

"అన్నా, జుట్టు మొలుస్తోంది. ఈసారి టిక్కెట్లు నేనే తీస్తా!"

బాలచంద్రుడి సీమలో పుట్టి కత్తికి జంకనివాళ్లం... డాక్టరు ముందు లుంగీ సడలించడానికి జంకుతామా?